అంగిలి మీద పుండు: అది క్యాన్సరో కాదో తేల్చుకునే క్రమం

నోటి క్యాన్సర్ అనగానే మన దేశంలో వైద్యులకైనా ఇంటివారికైనా మొదట తలపుకు వచ్చేవి బుగ్గ లోపలి వైపు, నాలుక అంచు, కింది చిగురు. గుట్కా, ఖైనీ, కిళ్లీలో వేసుకునే పొగాకు ఆనుకొని ఉండే చోట్లు అవే కాబట్టి అందులో వింతేమీ లేదు. నోటి పైకప్పులో ఎముక ఉన్న ముందు భాగం, అంటే గట్టి అంగిలి, ఆ వరుసలో ఎక్కడో చివరన ఉంటుంది. ప్రపంచంలోని చాలా దేశాల్లో అక్కడ క్యాన్సర్ పుట్టడం అరుదు. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వరకు ఉన్న తీరగ్రామాల్లో మాత్రం, చుట్టను నిప్పు ఉన్న కొస నోటి లోపల ఉండేలా పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల, ఈ అరుదైన జబ్బు అరుదు కాకుండా పోయింది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫాలీ మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనాన్ని ఈ విషయం రాసేవారు ఈనాటికీ ప్రస్తావిస్తూనే ఉంటారు.

ఇంట్లో పెద్దావిడకు అంగిలి మీద మానని పుండో గడ్డో కనిపించినప్పుడు ఏం చేయాలో తెలియని కుటుంబ సభ్యుల కోసం, అలాగే ఆ నోటిని అందరికన్నా ముందుగా చూసే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన దంతవైద్యుల కోసం ఇది రాస్తున్నాను. చికిత్స జోలికి పోకుండా నిర్ధారణ వరకే పరిమితమవుతాను. నా అభిప్రాయంలో మన ప్రాంతంలో ఈ నిర్ధారణ ఆలస్యం కావడానికి యంత్రాల కొరత ప్రధాన కారణం కాదు. తల వెనక్కి వంచి అంగిలి మొత్తాన్ని చూడకపోవడం, చూసినా పరీక్షకు ముక్కను తగిన చోటు నుంచి తగినంత లోతుగా తీయకపోవడం, తీసిన ముక్కతో పాటు రోగి వివరాలను ల్యాబ్‌కు పంపకపోవడం, ఈ మూడింటి దగ్గరే నెలలు గడిచిపోతున్నాయి.

అడగవలసినవి

పరీక్ష నోటితో కాక మాటతో మొదలవుతుంది. జాలరిపేటలోనో భీమిలిలోనో అరవై ఏళ్ల స్త్రీని కొడుకు, కోడలు పక్కన నిలబడి ఉండగా “పొగ తాగుతారా అమ్మా?” అని అడిగితే “నేదు బాబూ” అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఆమె అబద్ధమాడాలని అనుకోదు. అడ్డపొగను పెద్దల ముందు, మగవాళ్ల ముందు దాచుకోవడం చిన్ననాటి నుంచీ అలవాటైన మర్యాద. పక్కవారిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, మామూలు గొంతుతో “చుట్ట కాలుస్తావా మామ్మా? నిప్పు లోపలికా, బయటికా?” అని అడిగితే “నిప్పు నోపలికే బాబూ, మా యమ్మ కూడా అలగే కాల్చేది” అని ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. గాలికి చుట్ట ఆరిపోదనీ, బూడిద రాలదనీ, చేపల గంప మీదనో బట్టల మూట మీదనో రెండు చేతులూ ఆన్చి పని చేసుకోవచ్చనీ ఈ పద్ధతికి కారణాలు చెబుతారు. ఎన్నేళ్లుగా కాలుస్తున్నారు, రోజుకు ఎన్ని చుట్టలు, మానేసి ఉంటే ఎప్పుడు మానేశారు అన్నవి కాగితం మీద రాసుకోవాలి. మానేసినవారిని జాబితా నుంచి తీసివేయకూడదు. మానేయడం వల్ల ముప్పు తగ్గుతుంది గానీ, ఏళ్ల తరబడి వేడికీ పొగకూ గురైన పొర వెంటనే కొత్తదైపోదు.

మిగతా ప్రశ్నలు తొందరగానే అయిపోతాయి. కట్టుడు పళ్లు పెట్టుకుంటారా, షుగర్ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈ మధ్య పన్ను తీయించుకున్నారా, అంగిలిలో మత్తు ఇంజెక్షన్ చేయించుకున్నారా, ముక్కులో ఒకవైపు దిబ్బడగా ఉండటం గానీ రక్తం రావడం గానీ ఉందా అని అడగాలి. ఒక ప్రశ్న మాత్రం చాలామంది వదిలేస్తారు: అంగిలిలో గానీ పై పెదవి, చెంప ప్రాంతంలో గానీ తిమ్మిరిగా, మొద్దుబారినట్టుగా ఉందా? పుండు నొప్పి పెట్టడం కన్నా చర్మం మొద్దుబారడం పెద్ద హెచ్చరిక, ఎందుకంటే జబ్బు నరాన్ని పట్టుకున్నదని అది సూచించవచ్చు.

చూసే పద్ధతి

తన అంగిలిని తాను అద్దంలో సరిగ్గా చూసుకోవడం ఎవరికైనా కష్టమే, వయసు మళ్లినవారికి మరీ కష్టం. అందుకే ఇంకొకరు చూడాలి. రోగిని ఎత్తైన వీపు ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, తల బాగా వెనక్కి వాల్చి, కట్టుడు పళ్లు ఉంటే ముందుగా తీయించి, సెల్‌ఫోన్ టార్చి వెలుగులో ముందు పళ్ల వెనుక ఉన్న మడతల నుంచి మొదలుపెట్టి వెనక్కి చూసుకుంటూ పోవాలి. పై దవడ చివరి పళ్ల లోపలి వైపు, గట్టి అంగిలి ముగిసి మెత్తటి అంగిలి మొదలయ్యే గీత, కొండనాలుకకు ఇరుపక్కలా ఉండే భాగం, ఈ మూడు చోట్లా తొందరపడకుండా చూడాలి. మెత్తటి అంగిలి కనిపించాలంటే చెంచా కాడతో నాలుకను అదిమి “ఆ” అనమనాలి. కట్టుడు పళ్లు తీయకుండా చేసిన పరీక్షను పరీక్షగా లెక్కించవద్దు. అంగిలిని పూర్తిగా కప్పేసే ప్లాస్టిక్ పలక కింద పుండు ఉన్నా, ‘సెట్టు ఒరుసుకుంటోంది’ అనుకుంటూ దాన్ని అరగదీయించుకొని సరిపెట్టుకోవడం మామూలుగా జరిగేదే.

కనిపించినదాన్ని ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. అదే వెలుగులో, అదే కోణంలో వారం తర్వాత మళ్లీ తీసిన ఫొటోతో పోల్చితే, పుండు మానుతోందా పెరుగుతోందా అన్న వాదన ఇంట్లో అక్కర్లేదు. వైద్యుని దగ్గర దీనికి మరికొన్ని తోడవుతాయి. గ్లౌజు వేసుకున్న వేలితో అంగిలి అంతా తడిమి, గట్టిదనం ఎంతవరకు పాకిందో తెలుసుకోవాలి, ఎందుకంటే కంటికి కనిపించే పుండు కన్నా వేలికి తగిలే గట్టి అంచు తరచుగా పెద్దదిగా ఉంటుంది. పుండు పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలవాలి. దూది పోగుతో రెండు వైపులా తాకి స్పర్శలో తేడా అడగాలి. పై పళ్లు కారణం లేకుండా కదులుతున్నాయా, నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోందా చూడాలి. తర్వాత మెడకు రెండు వైపులా, దవడ కింద బిళ్లలు ఉన్నాయా అని తడమాలి. అంగిలి ఒక్కటే చూసి వదిలేయకూడదు. పొగాకు నోరంతటినీ పట్టి ఉంటుంది కాబట్టి నాలుక కింద, బుగ్గల్లో, చిగుళ్ల వెనుక కూడా చూసి తీరాలి.

అడ్డపొగ అంగిలిలో ఏమేమి కనిపిస్తాయి

ఏళ్ల తరబడి అడ్డపొగ కాల్చిన అంగిలి ఆరోగ్యవంతుల అంగిలిలాగా గులాబీ రంగులో నున్నగా ఉండదు. తెల్లగా దళసరిగా మారి, అక్కడక్కడా బీటలు వారి ఉంటుంది. మధ్యలో ఎర్రని చుక్క ఉన్న చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. అవి పొర కింద ఉన్న చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు వాచిపోవడం వల్ల ఏర్పడినవి. గోధుమ, నలుపు రంగు మచ్చలు కొన్నిచోట్ల, ఉన్న రంగు కూడా పోయి పాలిపోయిన మచ్చలు మరికొన్నిచోట్ల ఉంటాయి. ఇవన్నీ క్యాన్సర్ కావు, చాలావరకు క్యాన్సర్‌గా మారవు కూడా. చుట్టనో సిగరెట్టునో మామూలుగా కాల్చేవారి అంగిలిలో వచ్చే తెల్లదనం, బొడిపెలు అలవాటు మానిన కొన్ని వారాల్లో తగ్గిపోతాయి; వాటికి పెద్దగా భయపడనక్కర్లేదు. అడ్డపొగ వల్ల వచ్చిన మార్పులకు ఆ నిశ్చింత పనికిరాదు.

ఈ కలగలుపు అంగిలిలో కన్ను ఎక్కడ ఆగాలన్నదే అసలు నైపుణ్యం. తెల్లని మచ్చ పెద్దదిగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కనే చిన్న ఎర్రని మచ్చ, వెల్వెట్టు బట్టలా మెత్తగా, నొప్పి లేకుండా ఉంటే ఎవరూ దాన్ని పట్టించుకోరు. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ ఎర్రదానిలోనే. ఎర్రని ప్రాంతం, అంచులు గట్టిపడిన పుండు, తాకితే రక్తం వచ్చే చోటు, తెల్లని పొర మధ్య కొత్తగా లేచిన గరుకు గడ్డ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముక్క తీసి పరీక్షించవలసిందే. ‘నొప్పి లేదు కదా’ అన్న మాట భరోసా కాదు; ఈ జబ్బులో నొప్పి తరచు ఆలస్యంగా వస్తుంది.

ఇక పొగాకుతో సంబంధం లేకుండా అంగిలిలో పుట్టే రెండో రకం క్యాన్సర్లు ఉన్నాయి. అంగిలి పొర కింద వందలాది చిన్న లాలాజల గ్రంథులు ఉంటాయి. ఇలాంటి చిన్న గ్రంథుల్లో వచ్చే కణితులకు నోటి మొత్తంలో అంగిలే అతి సాధారణమైన స్థానం, వాటిలో సుమారు సగం క్యాన్సర్లే. ఇవి పుండుగా మొదలుకావు. అంగిలిలో ఒక పక్కన, మధ్య గీతకు దూరంగా, గట్టి అంగిలి మెత్తటి అంగిలి కలిసే చోట నున్నని ఉబ్బుగా మొదలై, నెలలు, కొన్నిసార్లు ఏళ్లు నెమ్మదిగా పెరుగుతాయి. పైపొర మామూలుగానే ఉంటుంది కాబట్టి ‘కొవ్వు గడ్డ’ అని, ‘పంటి చీము’ అని పేరు పెట్టి వదిలేస్తారు. మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా అనే రకం నీలిరంగు ఛాయతో, నొక్కితే మెత్తగా ఉండి నీటి తిత్తిలాగా మోసం చేయవచ్చు. ఎడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే అరుదైన రకం నెమ్మదిగా పెరుగుతుంది గానీ నరాలను పట్టుకొని పాకుతుంది, చాలా ఏళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో తేలుతుంది. ఎన్నడూ పొగ ముట్టని నలభై ఏళ్ల వ్యక్తి అంగిలిలో ఒక పక్క ఉబ్బు ఉంటే, పొగాకు అలవాటు లేదన్న కారణంతో అనుమానాన్ని కొట్టివేయకూడదు.

క్యాన్సర్‌లా కనిపించేవి, క్యాన్సర్‌ను దాచేవి

అంగిలి మధ్య గీత మీద రాయిలా గట్టిగా, ఎన్నో ఏళ్లుగా అలాగే ఉన్న ఎముక బొడిపెను టోరస్ అంటారు; అది పుట్టుక తీరు, జబ్బు కాదు. పై పంటి వేరు దగ్గర చీము పట్టి అంగిలి వైపు ఉబ్బితే, పంటి ఎక్స్‌రేలో కారణం కనబడుతుంది, పంటికి వైద్యం చేయగానే ఉబ్బు తగ్గుతుంది. తగ్గకపోతే అది పంటి చీము కాదని అర్థం. కట్టుడు పళ్ల కింద వచ్చే ఎరుపు సాధారణంగా ఫంగస్ వల్ల వస్తుంది, పళ్లు రాత్రి తీసి శుభ్రం చేసుకుంటూ మందు వాడితే తగ్గుతుంది. షుగర్ అదుపులో లేనివారి అంగిలి నల్లబడితే అది బ్లాక్ ఫంగస్ కావచ్చు, దానికి రెండు వారాలు ఆగే ప్రసక్తే లేదు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. క్షయ, సిఫిలిస్ కూడా అంగిలిలో పుండు చేస్తాయి. నల్లని మచ్చ కొత్తగా వచ్చి వ్యాపిస్తుంటే మెలనోమా, అంటే రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్, గుర్తుకు రావాలి. నోట్లో వచ్చే మెలనోమాకు అంగిలి ముఖ్య స్థానం. పై దవడ సైనస్‌లో, అంటే ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గదిలో, పుట్టిన క్యాన్సర్ కిందికి దిగి అంగిలిని ఉబ్బించడమూ ఉంది, ముక్కు గురించి ప్రశ్న అడిగింది అందుకే.

వీటన్నింటిలోకి వైద్యులను సైతం ఎక్కువగా తికమక పెట్టేది నెక్రొటైజింగ్ సయలోమెటాప్లేసియా. లాలాజల గ్రంథులకు రక్తం అందక కణజాలం చచ్చిపోయి, అంగిలిలో ఉన్నట్టుండి గొయ్యిలాంటి లోతైన పుండు పడుతుంది; అంగిలిలో ఇంజెక్షన్ చేసిన తర్వాత కూడా రావచ్చు. 1973లో తొలిసారి వర్ణించిన ఈ స్థితి కంటికే కాదు, మైక్రోస్కోపు కింద కూడా క్యాన్సర్‌లాగే కనిపించగలదు, అయినా ఏ మందూ లేకుండా సుమారు ఆరు నుంచి పది వారాల్లో తనంతట తానే మానుతుంది. క్యాన్సర్ కానిదానికి పై దవడ తీసివేసే ప్రమాదం ఇక్కడే ఉంది. అందుకే పుండు ఎన్నాళ్ల క్రితం, ఎంత హఠాత్తుగా వచ్చిందన్న వివరం ల్యాబ్ వైద్యునికి తప్పక చేరాలి.

ఆగవలసిన కాలం గురించి ఒక స్పష్టమైన నియమం ఉంది. పుండుకు కారణమని అనుమానించినదాన్ని, అంటే పదునైన పన్నునో ఒరుసుకునే సెట్టునో సరిచేసి, రెండు వారాలు చూడాలి. అప్పటికీ మానకపోతే ముక్క పరీక్షకు వెళ్లాలి. ఉబ్బు, గట్టిదనం, మొద్దుబారడం, మెడలో బిళ్ల ఉంటే ఆ రెండు వారాలు కూడా ఆగనక్కర్లేదు. బి-కాంప్లెక్స్ మాత్రలు ఒక కోర్సు, తర్వాత యాంటీబయాటిక్ ఒక కోర్సు, తర్వాత పూసే జెల్ ఒక ట్యూబు అంటూ మందుల షాపు దగ్గరే మూడు నెలలు గడిపేయడం మన వీధుల్లో నిత్యం కనిపించేదే. స్టెరాయిడ్ కలిసిన జెల్ పూస్తే పుండు చుట్టూ ఉన్న వాపు, మంట తగ్గి మానుతున్నట్టు అనిపిస్తుంది, లోపలి జబ్బు మాత్రం కదలదు.

ముక్క తీయడం

అంగిలి క్యాన్సర్‌ను ధ్రువపరిచేది ఇదొక్కటే. నీలిరంగు ద్రావణం, అంటే టొలుయిడిన్ బ్లూ, పూసి చూడటం గానీ, బ్రష్‌తో కణాలు గీకి చూడటం గానీ ముక్క ఎక్కడి నుంచి తీయాలో సూచించడానికి పనికొస్తాయి. వాటిలో ఏమీ రాలేదని చెప్పి అనుమానాస్పదమైన పుండును వదిలేయడానికి పనికిరావు. రక్తపరీక్షతో ఈ క్యాన్సర్ తేలదు.

కత్తి తగిలితే జబ్బు ముదురుతుందన్న భయం మన పల్లెల్లో బలంగా ఉంది. అందులో నిజం లేదు. ముక్క తీయించుకున్న తర్వాత జబ్బు పెరిగినట్టు అనిపించేవారిలో చాలామంది అప్పటికే ఆలస్యంగా వచ్చినవారు, రిపోర్టు వచ్చాక చికిత్సకు పోకుండా ఇంటికి వెళ్లిపోయినవారు. ఈ మాట రోగికి ముందే విడమరచి చెప్పాలి, లేకపోతే ముక్క పరీక్ష రోజున మనిషి రారు.

పైపొరలో పుట్టే క్యాన్సర్‌కూ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్‌కూ ముక్క తీసే తీరు ఒకటి కాదు, ఈ తేడా తెలియక జరిగే నష్టం చాలా ఉంది. పుండు అయితే దాని గట్టి అంచు నుంచి తీయాలి; మధ్యలో ఉన్నది చచ్చిన కణజాలం కాబట్టి అక్కడి ముక్కలో చీము, కుళ్లు తప్ప ఏమీ తేలకపోవచ్చు. తెలుపు, ఎరుపు కలిసి ఉన్న అడ్డపొగ అంగిలిలో ఎర్రని భాగం నుంచి తప్పనిసరిగా ఒక ముక్క, మార్పు విశాలంగా ఉంటే వేర్వేరు చోట్ల నుంచి మరికొన్ని ముక్కలు తీసి, ఒక్కోదాన్ని వేరే సీసాలో వేసి, ఏది ఎక్కడిదో బొమ్మ గీసి పంపాలి. పులిపిరిలాగా పైకి పెరిగే వెర్రుకస్ రకంలో పైపైన గీసిన ముక్క చాలదు. ఆ జబ్బు గుర్తులన్నీ దాని అడుగున ఉంటాయి కనుక అడుగు వరకూ లోతుగా తీయకపోతే రిపోర్టు ‘మామూలు దళసరి పొర’ అనే వస్తుంది. నున్నని ఉబ్బు అయితే పైపొరను దాటి గడ్డ లోపలికి వెళ్లి తీయాలి, లేకపోతే ల్యాబ్‌కు ఆరోగ్యకరమైన పొర మాత్రమే చేరుతుంది. నీలంగా ఉన్నదాన్నో, వేలికి కొట్టుకుంటున్నట్టు తెలిసేదాన్నో ముందు సూదితో లాగి చూడాలి, నేరుగా కోయకూడదు. వీలైతే స్కాన్ ముందు, ముక్క తర్వాత అన్న క్రమం మంచిది, ముక్క తీసిన వాపు స్కాన్‌లో జబ్బు అంచును కలిపేస్తుంది. మొత్తం గడ్డను ఒకేసారి తీసేసి ‘తీసేశాం, పంపించాం’ అనడం సరైన పద్ధతి కాదు. అది క్యాన్సర్ అని తేలితే, తర్వాత ఆపరేషన్ చేసే వైద్యునికి హద్దు ఎక్కడో తెలియదు.

పని నిజానికి చిన్నది. మత్తు ఇంజెక్షన్‌ను పుండులోకి కాక దాని పక్కకు ఇస్తారు, అంగిలిలో సూది నొప్పిగానే ఉంటుంది, అది అర నిమిషం వ్యవహారం. పంచ్ అనే గుండ్రని కత్తితో గానీ సన్నని బ్లేడుతో గానీ కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీసి, గాజ్ (కట్టు కట్టే పలచని) గుడ్డ అదిమి రక్తం ఆపుతారు. అంగిలి పొర బిగువుగా ఉండి కుట్టుకు దగ్గరికి రాదు కాబట్టి గాయాన్ని అలాగే వదిలి మాననిస్తారు, దాన్ని చూసి కంగారు పడవద్దు. ముక్కను పట్టకారుతో నలిపినా, కరెంటు కత్తితో కాల్చినా మైక్రోస్కోపు కింద కణాల రూపు చెడిపోతుంది.

తీసిన వెంటనే ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో పడాలి. ముక్క కన్నా కనీసం పది రెట్ల ద్రావణం ఉన్న, వెడల్పు మూతి సీసాలో వేయాలి. నీళ్లలో, స్పిరిట్‌లో, సెలైన్‌లో, శానిటైజర్‌లో వేసి తెచ్చిన ముక్కలు నిజంగానే ల్యాబ్‌ల దగ్గరికి వస్తుంటాయి; వాటిని చదవడం వృథా శ్రమ. రోగి పేరు, వయసు, ముక్క తీసిన చోటు మూత మీద కాక సీసా మీద రాయాలి, మూతలు మారిపోతాయి. జత చేసే ఫారంలో ‘అంగిలి పుండు, బయాప్సీ’ అని రెండు మాటలతో సరిపెట్టకుండా, అడ్డపొగ ఎన్నేళ్లు, పుండు ఎన్నాళ్లుగా, ఎంత పరిమాణం, ఎలాంటి అంచు, వైద్యుని అనుమానం ఏమిటి, ముందు ఎప్పుడైనా ముక్క తీశారా, రేడియేషన్ ఇచ్చారా అన్నవి రాయాలి. కుటుంబ సభ్యులు ఈ ఫారం చదివి చూసుకోవచ్చు, ఖాళీగా ఉంటే నింపమని అడగవచ్చు. అలా అడగడం అమర్యాద కాదు.

రిపోర్టు చదవడం

రిపోర్టు సాధారణంగా వారం, పది రోజుల్లో వస్తుంది. స్క్వామస్ సెల్ కార్సినోమా అంటే పైపొర నుంచి పుట్టిన క్యాన్సర్. అడ్డపొగ వల్ల వచ్చేవాటిలో ప్రధానమైనది ఇదే. డిస్‌ప్లేసియా అంటే ఇంకా క్యాన్సర్ కాదు, కానీ ఆ దారిలో ఉన్న మార్పు. అది స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది పక్కనే ఉంటుంది. ఎడినాయిడ్ సిస్టిక్ రకంలో కణాల గుంపుల మధ్య జల్లెడ కన్నాల్లాంటి ఖాళీలు కనిపిస్తాయి. అది ఖాయమా అన్న సందేహం ఉంటే ల్యాబ్ ఇమ్యునో పరీక్షలు, అంటే కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించి చూసే పరీక్షలు, అడుగుతుంది, వాటికి ఇంకొన్ని రోజులు, కొంత ఖర్చు. చిన్న ముక్కలో గ్రంథి కణితి కచ్చితమైన రకం తేలకపోవడం, ‘లాలాజల గ్రంథి కణితి, రకం ఆపరేషన్ తర్వాత’ అని రావడం తప్పు కాదు.

జాగ్రత్తగా చదవవలసింది ‘పంపిన ముక్కలో క్యాన్సర్ లక్షణాలు లేవు’ అన్న వాక్యం. ఆ మాట పంపిన ముక్కకే వర్తిస్తుంది, అంగిలికి కాదు. పుండు గట్టిగా, మానకుండా ఉండి రిపోర్టు మాత్రం మామూలుగా వస్తే, ‘దేవుడి దయ’ అనుకొని రిపోర్టును బీరువాలో పెట్టేయకుండా, ముక్క ఎక్కడి నుంచి తీశారో అడిగి మళ్లీ తీయించాలి. రెండోసారి అడగడాన్ని ఏ మంచి వైద్యుడూ అవమానంగా తీసుకోడు. అనుమానం రిపోర్టుకు వ్యతిరేక దిశలో ఉన్నా, అంటే హఠాత్తుగా పడిన గొయ్యి పుండుకు క్యాన్సర్ అని వచ్చినా, స్లయిడ్లను నోటి జబ్బుల్లో అనుభవమున్న మరో పెథాలజిస్టుకు, అంటే ముక్కలను మైక్రోస్కోపు కింద చదివే వైద్యునికి, చూపించాలి. అందుకే కాగితం రిపోర్టుతో ఊరుకోకుండా స్లయిడ్లనూ, ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకునూ ల్యాబ్ నుంచి అడిగి తీసుకోవాలి. ఆసుపత్రి మారిన ప్రతిసారీ మళ్లీ ముక్క తీయించుకునే బాధ వాటివల్ల తప్పుతుంది.

క్యాన్సర్ అని తేలాక ఎంతవరకు వ్యాపించిందో చూడటం తర్వాతి పని. అంగిలి పొరకూ ఎముకకూ మధ్య దూరం బహు తక్కువ, అందువల్ల ఎముక తిన్నదా లేదా అన్నది సీటీ స్కాన్‌లో చూస్తారు. నరాల వెంట పాకిందా అన్నది, ముఖ్యంగా ఎడినాయిడ్ సిస్టిక్ రకంలో, కాంట్రాస్ట్ ఇచ్చి తీసే ఎంఆర్‌ఐ చెబుతుంది. అంగిలి నరం దారి పట్టుకొని జబ్బు పుర్రె అడుగు వరకు వెళ్లగలదు. మెడలో బిళ్ల తగిలితే అల్ట్రాసౌండ్ సాయంతో సూది పరీక్ష చేస్తారు. 2018 నుంచి వాడుకలో ఉన్న దశల లెక్కలో గడ్డ వెడల్పుతో పాటు అది లోపలికి దిగిన లోతును కూడా చూస్తున్నారు: 2 సెంటీమీటర్ల లోపు ఉన్నా 5 మిల్లీమీటర్లకు మించి లోతు దిగితే అది మొదటి దశ గడ్డ కాదు. దంతవైద్యుని దగ్గర తీసే దవడ మొత్తం ఎక్స్‌రే ఒక్కటే చూసి ‘ఎముక బాగానే ఉంది’ అనుకోకూడదు.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలి

కింగ్ జార్జ్ ఆసుపత్రి, దానికి అనుబంధమైన ఆంధ్ర వైద్య కళాశాల, రుషికొండ వైపు ఉన్న గీతం దంత వైద్య కళాశాల, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి నగరం పరిధిలో అందరికీ తెలిసిన చోట్లు. దంత కళాశాలకు వెళ్తే ఓరల్ మెడిసిన్ విభాగంలో మొదట చూపించుకోవాలి. పన్ను తీసే వరుసలో నిలబడితే పూట పోతుంది. తెల్లకార్డు, ఆధార్ దగ్గర ఉంచుకొని, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించే ఆసుపత్రిలో ఆ పథకం సహాయ కేంద్రం దగ్గర ముందే విచారిస్తే, నిర్ధారణ పరీక్షల్లో ఏవి పథకం కింద వస్తాయో, ఏవి సొంతంగా పెట్టుకోవాలో తెలుస్తుంది. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన వారందరి నోటినీ 5 ఏళ్లకు ఒకసారి చూడాలని నియమం ఉంది. అడ్డపొగ కాల్చే మనిషికి అయిదేళ్ల విరామం చాలా ఎక్కువని నా ఉద్దేశం. ఏడాదికి ఒకసారైనా అంగిలి చూపించుకోవాలి.

రిపోర్టులో డిస్‌ప్లేసియా మాత్రమే వచ్చినవారి సంగతి వేరు. తీవ్రమైనది అయితే ఆ భాగాన్ని తీయించుకోవడం గురించి వైద్యునితో మాట్లాడాలి. స్వల్పమైనదైతే చుట్ట పూర్తిగా మాని, మూడు నెలలకోసారి అదే వైద్యుని దగ్గరికి పాత ఫొటోలు, పాత రిపోర్టు తీసుకొని వెళ్లాలి. ఎరుపు కొత్తగా కనిపించినా, పాత తెల్లని మచ్చ గట్టిపడినా, మానిన చోట మళ్లీ పుండు పడినా, నిరుడు మామూలుగా వచ్చిందన్న కారణంతో వాయిదా వేయకుండా మరో ముక్క తీయించాలి.